తప్పు ఆంప్లిఫయర్‌ది కాదు

అమెరికాలో మేముండే మోరిస్‌విల్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళకు వెళ్ళినప్పుడు "మీరేం చేస్తుంటారు" అని అడిగితే నేను హార్డ్‌వేర్ అంటాను. అడిగినాయన "ఓ, ల్యాప్‌టాప్‌లు అవీ బాగుచేస్తారా" అంటాడు. మొదట్లో కాదని వివరించేవాణ్ణి. పోను పోను అవునని ఊరుకోవడం నేర్చుకున్నాను. ఒకాయన నిజంగానే తన పాత ల్యాప్‌టాప్ తెచ్చి మా ఇంట్లో పెట్టి వెళ్ళాడు. మళ్ళీ అడగలేదు. అది మా క్లాజెట్‌లోనే ఉంది.

నేను చేసేది ఫ్యాక్టరీల్లో వాడే తూకం యంత్రాల పని. పైన బరువు పెట్టగానే లోపలి లోహపు ముక్క కంటికి కనిపించనంతగా వంగుతుంది. ఆ వంపు వల్ల రెండు తీగల మధ్య అతి చిన్న వోల్టేజి తేడా పుడుతుంది. ఆ తేడాను పట్టుకుని, పెంచి, కంప్యూటర్‌కు అందించే సర్క్యూట్ నాది. ఈ పనికి వాడే చిప్పును ఆపరేషనల్ ఆంప్లిఫయర్ అంటారు, వాడుకలో ఆప్ ఆంప్. చిటికెనవేలి గోరంత కూడా ఉండదు. ఇంజనీరింగ్‌లో ఎలక్ట్రానిక్స్ తీసుకున్న ప్రతివాడూ దీన్ని చదివి, పరీక్ష రాసి, మర్చిపోయి సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళిపోతాడు. నాకెందుకో మరపు రాలేదు.

దాని స్వభావం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. రెండు ఇన్‌పుట్‌లు, ఒక ఔట్‌పుట్. ఒక ఇన్‌పుట్‌కు ప్లస్ గుర్తు, ఇంకోదానికి మైనస్ గుర్తు. ఆ రెండింటి మధ్య ఎంత తేడా ఉందో చూసి దాన్ని లక్షల రెట్లు పెంచుతుంది. దాని మానాన దాన్ని వదిలేస్తే ఆవగింజంత తేడాకే ఔట్‌పుట్ ఒక్క గెంతు గెంతి పైనున్న హద్దుకో కిందనున్న హద్దుకో తగులుకుంటుంది. బ్యాటరీ ఇచ్చిన వోల్టేజి దాటి ఎక్కడికీ పోలేదు కనక అక్కడే కూర్చుంటుంది. దాన్ని సాచురేషన్ అంటాం. ఆ స్థితిలో ఇన్‌పుట్ దగ్గర ఏం జరుగుతున్నా బయటికి ఒకటే అంకె కనిపిస్తుంది.

మనకు పనికి రావాలంటే ఔట్‌పుట్‌లోంచి కొంత తీసి మైనస్ ఇన్‌పుట్‌కు తిరిగి ఇవ్వాలి. నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అనేది ఇదే. అప్పుడు చిప్పుకు బుద్ధి వస్తుంది. రెండు ఇన్‌పుట్‌లూ సమానమయ్యేదాకా ఔట్‌పుట్‌ను సర్దుతూ ఉంటుంది, కిరాణా కొట్లో త్రాసు ముల్లు నిలబడేదాకా కందిపప్పు వేసీ తీసీ చేసినట్టు. ఎన్ని రెట్లు పెంచాలో ఇక చిప్పు చేతిలో ఉండదు, చుట్టూ పెట్టిన రెసిస్టర్ల నిష్పత్తి చెబుతుంది. ఔట్‌పుట్‌ను తిన్నగా తెచ్చి మైనస్‌కు కలిపేస్తే అసలేమీ పెంచదు. ప్లస్‌కు ఏమిచ్చామో అదే బయటికి ఇస్తుంది. ఏమీ పెంచని ఆంప్లిఫయర్ దేనికండీ అని ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు అడుగుతుంటారు. బలం లేని సిగ్నల్‌ను నలిపేయకుండా చదవాలంటే అదే కావాలి నాయనా అని చెబుతుంటాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా పాప పుట్టినప్పుడు నాకు ధైర్యమిచ్చే విద్య ఏదైనా ఉందంటే ఇదొక్కటే.

పాప పుట్టిన మర్నాడు ఆస్పత్రి గదిలోకి ఒకావిడ చక్రాల బండి మీద చిన్న యంత్రం తోసుకుంటూ వచ్చింది. పుట్టిన ప్రతి బిడ్డకూ చేసే వినికిడి పరీక్ష. నుదుటి మీద, మెడ వెనక, భుజం మీద స్టిక్కర్లు అంటించింది. చెవుల మీద మెత్తటి కప్పులు పెట్టింది. కాసేపయ్యాక తెర మీద రెండు చెవులకూ 'రిఫర్' అని వచ్చింది. అక్కడ ఫెయిల్ అనరు. పుట్టుకలో చెవుల్లో నీరు నిలిచిపోతే ఇలా వస్తుందని, చాలామంది పిల్లలకు వస్తుందని, కంగారుపడొద్దని ఆవిడ చెప్పింది. మేము కంగారుపడలేదు. మా ఆవిడ పాలు పట్టడానికి అవస్థ పడుతోంది. నేను బండి వెనకవైపు తీగలు ఎలా కట్టారో చూస్తున్నాను.

కొన్నాళ్ళకు మళ్ళీ చేశారు. మళ్ళీ రిఫర్. ఈసారి పెద్ద పరీక్షకు పంపారు.

ఆ పెద్ద పరీక్ష ఏమిటా అని ఇంటికొచ్చి చదివితే అచ్చంగా మా ఆఫీసు పనే. పిల్ల నిద్రలో ఉండగా చెవిలో టిక్కు టిక్కుమని శబ్దాలు వేస్తారు. చెవి విన్నట్టయితే లోపలి నరంలో, మెదడు అడుగుభాగంలో చిన్న విద్యుత్తు కదలిక పుడుతుంది. అది తల చర్మం దాకా వచ్చేసరికి వోల్టులో పదిలక్షలవ వంతుకన్నా తక్కువ. నుదుటి మీద ఒక ఎలక్ట్రోడ్, చెవి వెనక ఒక ఎలక్ట్రోడ్ అంటించి ఆ రెండింటి మధ్య తేడాను మాత్రమే పెంచుతారు. గదిలో లైట్లూ గోడల్లో కరెంటు తీగలూ మనిషి ఒంటి మీద దీనికి ఎన్నో వేల రెట్ల హోరు పోస్తాయి. కానీ ఆ హోరు రెండు ఎలక్ట్రోడ్లకూ ఒకేలా చేరుతుంది. రెండింటికీ ఒకేలా వచ్చినదాన్ని ఈ సర్క్యూట్ తీసివేసి పారేస్తుంది. మా తూకం యంత్రంలోనూ ఇదే కట్టు, ఇవే మూడు ఆప్ ఆంప్‌లు. ముందు రెండు సిగ్నల్‌ను నొప్పించకుండా అందుకుంటాయి, మూడోది తీసివేత చేస్తుంది.

చదివాక భయం పోవడం మాట అటుంచి, హుషారు వచ్చింది. శత్రువు మన వీధిలోకే వచ్చాడు, ఇక్కడ ప్రతి గుమ్మం నాకు తెలుసు అన్నట్టుంది నా వరస. మా ఆవిడకు కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. ఆవిడ పాపను భుజాన వేసుకుని, "వినపడుతుందా లేదా అది చెప్పు" అంది. అది బొమ్మలో లేదు.

పురుడు పొయ్యడానికి మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడ సూట్‌కేసులో చీరలకన్నా సీసాలే ఎక్కువ. వాటిలో పెద్దది ఇంట్లో వండిన ఆముదం. రోజూ పొద్దున బాత్‌టబ్‌లో పీట వేసుకుని, కాళ్ళు చాపుకుని, పాపను కాళ్ళ మీద బోర్లా వేసుకుని నీళ్ళు పోసేవారు. ఆ టబ్బు చేసినవాడు అటువంటి వాడకం ఒకటుంటుందని కలలో కూడా అనుకుని ఉండడు. నీళ్ళు పొయ్యడం అయ్యాక మాడు మీద ఆముదం పెట్టి అరచేత్తో అద్దడం, మిగిలింది నుదుటికీ చెవుల వెనకా రాయడం ఆవిడ పద్ధతి.

పరీక్ష ముందు రోజు క్లినిక్‌ నుంచి ఫోన్ చేసి, తలకు నూనెలు, లోషన్లు ఏమీ రాయొద్దన్నారు. మా ఆవిడ తల్లికి చెప్పింది.

"అమ్మా, రేపు పాప తలకి ఆయిల్స్, లోషన్స్ ఏమీ రాయొద్దంట. టెస్ట్ చేస్తారు."

"రాయనులే. నాకు తెలీదా. కొబ్బరినూనె సీసా మూత కూడా తియ్యను."

మర్నాడు క్లినిక్‌లో చీకటి చేసిన చిన్న గదిలో మా ఆవిడ పాపను ఒళ్ళో పడుకోబెట్టుకుంది. అత్తగారూ నేనూ వెనక కుర్చీల్లో. వినికిడి పరీక్ష చేసే ఆడియాలజిస్టు నెమ్మదైన మనిషి, నడివయసు అమెరికన్. నుదురు తుడిచి ఎలక్ట్రోడ్ అంటిస్తే జారిపోయింది. మళ్ళీ తుడిచి అంటించింది. తెర మీద ఏ ఎలక్ట్రోడ్ ఎంత బాగా అంటిందో చెప్పే అంకెలుంటాయి, ఎంత తక్కువైతే అంత మంచిది. నుదుటిది ఒక మోస్తరుగా ఉంది. చెవి వెనకది ఆకాశంలో ఉంది. తలకు ఏమైనా రాశారా అని ఆవిడ అడిగింది. లేదని ఇద్దరం ఒకేసారి అన్నాం.

వెనక నుంచి అత్తగారు కూతురితో మెల్లగా, "మాడుకి ఆముదం పెట్టానే. ఆయిలేం రాయలా" అన్నారు.

"ఆముదం ఆయిల్ కాదా అమ్మా?"

"ఆముదం ఆముదమే. నూనె ఎట్టా అవుద్ది, మందు గదా. మాడు పూడని పిల్లని మాడు తడపకుండా బయటికెట్టా తీసుకొస్తారే?"

ఆడియాలజిస్టుకు ఈ సంభాషణ అర్థం కాలేదు గాని వేలికి అంటుకున్న జిడ్డును వాసన చూసి తలాడించింది. స్పిరిట్‌తో తుడిచింది. వండిన ఆముదం అంత తేలిగ్గా లొంగే రకం కాదు. అంకెలు కిందికి దిగలేదు, రెండూ సమానం కాలేదు. గీత బదులు తెర నిండా దట్టంగా కరెంటు హోరు. ఆ తుడుపులకు పాప లేచి ఏడుపు లంకించుకుంది. ఇవాళ్టికి ఇది చాలదు, మళ్ళీ చేద్దామని వాయిదా వేశారు.

నాకు సంతోషమైంది. ఉన్నమాట చెబుతున్నాను, గాల్లో తేలినంత సంతోషమైంది. ఐ-ఫార్టీ హైవే మీద డ్రైవ్ చేస్తూ వాళ్ళిద్దరికీ పాఠం చెప్పాను. హోరు రెండు ఎలక్ట్రోడ్లకూ సమానంగా వస్తేనే తీసివేత కుదురుతుంది. ఒకటి బాగా అంటి, ఒకటి అంటకపోతే సమానంగా ఉన్న హోరు కాస్తా తేడాగా మారుతుంది. తేడా అయిందంటే ఆంప్లిఫయర్ దాన్ని పెంచి చూపిస్తుంది. పాపం దానికేం తెలుసు, ఆముదం పుట్టించిన తేడా ఏదో, పాప చెవి పుట్టించిన తేడా ఏదో. ఆస్పత్రిలో కూడా ఇలాంటిదే ఏదో అయ్యుంటుంది. పుట్టిన పిల్ల ఒంటి మీద ఉండే తెల్లటి మైనం కూడా జిడ్డే కదా. "కారణం మీ ఆముదమే అత్తయ్యగారూ" అన్నాను, అభినందించినట్టు. ఆవిడ వెనక సీట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. తన వల్ల పరీక్ష చెడిందని ఆవిడ బాధ. ఆవిడ చేసిన ఉపకారం నేను చెబుతూనే ఉన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నదాన్ని తిట్టడం తేలికే గాని, ఆ మద్దెల నిజంగా ఓడైతే ఎంత హాయిగా ఉంటుందో ఆ పూట నాకు తెలిసింది.

మళ్ళీ అపాయింట్‌మెంట్ దొరకడానికి టైం పట్టింది. ఆ మధ్యలో ఒకరోజు స్నానం అయ్యాక అత్తగారు పాపకు సాంబ్రాణి పొగ వేశారు. కిచెన్‌లో పొయ్యి మీద బొగ్గు రాజేసి, మూకుడులో పెట్టి, లివింగ్ రూమ్‌లో కూర్చుని వేశారు. పొగ పైకి వెళ్ళి నెత్తి మీదున్న అలారం మోగింది. ఆ అలారం మోతకు పక్క యూనిట్‌లో కుక్క మొరగడం మొదలుపెట్టింది. మా ఆవిడ రెండు చెవులూ మూసుకుని బెడ్‌రూమ్‌లోంచి పరుగెత్తుకొచ్చింది. నేను కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతున్నాను. అత్తగారి కాళ్ళ మీద పాప నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది.

"ఎంత నిబ్బరమో నా తల్లికి" అన్నారు అత్తగారు. అని, ఆగిపోయారు. మా ఆవిడ పాప వంక చూసి, తర్వాత కుర్చీ మీదున్న నా వంక చూసింది. అలారం ఆగాక కూడా నేను విసురుతూనే ఉన్నాను.

ఆ శనివారం నేను ఆఫీసు నుంచి తెచ్చుకున్న భాగాలు డైనింగ్ టేబుల్ మీద పరిచాను. సోల్డరింగ్ లేకుండా భాగాలు గుచ్చుకునే బోర్డు, నాలుగైదు ఆప్ ఆంప్‌లు, బాగా జత కుదిరిన రెసిస్టర్లు, ప్రమాదం లేకుండా రెండు బ్యాటరీలు. క్లినిక్‌లో ఉన్న సర్క్యూట్‌నే చిన్నదిగా కట్టాను. మొదటిసారి తొందరలో ప్లస్, మైనస్ తారుమారు చేశాను. అలా చేస్తే ఫీడ్‌బ్యాక్ తిరగబడుతుంది. తేడాను తగ్గించాల్సింది పోయి ఎగదోస్తుంది, ఔట్‌పుట్ వెళ్ళి హద్దుకు అతుక్కుంటుంది, ఇక కదలదు. మార్చి గుచ్చాను. అత్తగారు మధ్యలో ఏదో అడిగారట. వినిపించుకోలేదు.

"అరటిపళ్ళు తెమ్మని పొద్దుట్నించీ చెప్తన్నా. మీ ఆయనకి చెప్పటం చెవిటివాడి ముందు శంఖం..." అని కూతురితో అంటూ ఆవిడ ఠక్కున ఆపేశారు.

ఆ సామెతను నేనూ ఆఫీసులో తెలుగువాళ్ళ దగ్గర వారానికోసారైనా వాడేవాణ్ణి. ఇంట్లో ముగ్గురం ఎవరి పని వాళ్ళం చేసుకున్నాం. నేను వెళ్ళి అరటిపళ్ళు తెచ్చాను.

సాయంత్రానికి సర్క్యూట్ కుదిరింది. నా నుదుటి మీదా చెవి వెనకా ఎలక్ట్రోడ్లు అంటించుకుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, సోఫాలో కళ్ళు మూసుకుని పడుకున్నాను. కొన్ని వేల టిక్కులకు వచ్చిన జవాబులను ల్యాప్‌టాప్ ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీసింది. అడ్డదిడ్డంగా వచ్చే హోరు సగటులో అరిగిపోతుంది, ప్రతిసారీ ఒకేచోట వచ్చే జవాబు మిగులుతుంది. నాది మిగిలింది. చిన్న చిన్న గుట్టలు, వరసగా. నా చెవి విన్నదనడానికి నా మెదడు ఇచ్చిన రసీదు. మా ఆవిడను పిలిచి చూపించాను.

"బాగుంది" అంది.

"పాప నిద్రపోయాక ఒకసారి పెట్టి చూద్దాం. బ్యాటరీయే, షాక్ ఏమీ ఉండదు. తల శుభ్రంగా తుడిచి..."

"వద్దు."

"ఐదు నిమిషాలు."

"నా పిల్ల నీ బోర్డు కాదు" అంది. గొంతు పెంచలేదు. "అలారం మోగిన రోజు నువ్వూ అక్కడే ఉన్నావు. ఆ రోజు ఏ ఎలక్ట్రోడ్ ఊడిందో చెప్పు."

టేబుల్ ఖాళీ చేశాను. భోజనాలకు టైమైంది.

రెండో పరీక్షకు పాప తలకు మా ఆవిడే ముందు రోజూ ఆ పొద్దునా బేబీ షాంపూతో స్నానం చేయించింది. ఆముదం సీసా అత్తగారే ఎక్కడో దాచేశారు. మేం ముగ్గురమే వెళ్ళాం, అత్తగారు రానన్నారు. పాప కారులోనే నిద్రపోయింది. ఎలక్ట్రోడ్లు మొదటిసారికే అతుక్కున్నాయి. అంకెలు చూశాను. రెండూ తక్కువ, రెండూ సమానం. నా ఆఫీసులో కూడా అంత చక్కగా కుదరవు. తెర మీద హోరు లేదు.

శబ్దం పెంచుకుంటూ పోయారు. చెవిలో పెట్టిన స్పాంజి గొట్టంలోంచి ఆ టిక్కులు నాకే, గదికి ఈ చివర కూర్చున్న నాకే వినపడటం మొదలైంది. సగటు తీసిన గీత చదునుగా ఉంది. మళ్ళీ వేశారు. రెండో గీత మొదటిదాని మీద అలాగే పడింది. కేబుల్ ఏమైనా తెగిందేమో చూస్తారా అని అడిగాను. ఆడియాలజిస్టు విసుక్కోలేదు. కేబుల్ మార్చి మళ్ళీ వేసింది. శబ్దం పూర్తిగా ఆపేసి ఒకసారి వేసింది. శబ్దం ఉన్నప్పటి గీతా, లేనప్పటి గీతా ఒకేలా ఉన్నాయి. రెండో చెవీ అంతే.

పాడైన ఆంప్లిఫయర్‌ను నేను చాలా చూశాను. పాడైతే హోరు వస్తుంది, లేదా హద్దుకు వెళ్ళి కూర్చుంటుంది, లేదా ఊగిసలాడుతుంది. ఇది అవేవీ చేయడం లేదు. పెంచడానికి తేడా ఏమీ రావడం లేదు కనక మధ్యలో నెమ్మదిగా ఉంది. అది తన పని తాను సరిగ్గా చేస్తోంది.

ఆవిడ లైట్లు వేసి, కుర్చీ మా దగ్గరికి జరుపుకుని, టిష్యూల డబ్బా మా ఆవిడ పక్కన పెట్టి చెప్పింది. రెండు చెవులకూ వినికిడి దాదాపు లేదు. ముందు హియరింగ్ ఎయిడ్లు పెట్టి చూస్తారు, చాలకపోవచ్చు. ఏడాది వయసు దగ్గరపడ్డాక ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే ఇంప్లాంట్ గురించి ఆలోచించాలి. అది బాగా పనిచేసిన పిల్లలు ఎంతోమంది ఉన్నారు. ఈలోగా పిల్లతో సైగలతో మాట్లాడటం మొదలుపెట్టండి. మా ఆవిడ అడగాల్సినవన్నీ అడిగింది. అందులో ఒక్కటి కూడా నాకు తట్టలేదు. మీ యంత్రంలో మొదటి స్టేజి ఎన్ని రెట్లు పెంచుతుందని నేను అడిగాను. పాపం ఆవిడ మాన్యువల్ తీసి చూసి చెప్పింది. నేను తలూపి థాంక్స్ చెప్పాను.

ఆ తర్వాత చాలా రోజులు నాకేమీ అనిపించలేదు. ఏడుపు రాలేదు, కోపం రాలేదు. ఆఫీసులో పాప ఎలా ఉందని అడిగితే గుడ్, స్లీపింగ్ వెల్ అనేవాణ్ణి. అబద్ధం కూడా కాదు. తిండి తిన్నాను, డైపర్లు మార్చాను, టార్గెట్ స్టోర్‌కు వెళ్ళి వైప్స్ తెచ్చాను. మా ఆవిడ బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చేది. బయటికొచ్చి ఫోన్‌లో సైగల వీడియోలు చూస్తూ పాలు, అమ్మ, నిద్ర అని చేతులు తిప్పడం నేర్చుకునేది. నాతో కూడా చేయించేది. చేసేవాణ్ణి. ఆప్ ఆంప్ బాగా సాచురేట్ అయ్యాక, ఇన్‌పుట్ మామూలుగా మారినా వెంటనే తేరుకోదు, కొన్ని రకాలకు చాలాసేపు పడుతుంది. నాకు తెలిసిన మాటల్లో నా సంగతి చెప్పాలంటే అదే.

బారసాల మూడో నెలలో పెట్టుకున్నాం. ఇక్కడ పుట్టిన పిల్లకు ఆస్పత్రి దాటకముందే కాగితాల మీద పేరు రాయాలి. రాశాం. కానీ అత్తగారి లెక్కలో పంతులుగారు వచ్చి పెట్టించిందే పేరు, అందాకా అది పాపే. ఆ వారం ఆవిడ నన్ను విడిగా కూర్చోబెట్టి అడిగారు.

"బాబూ, ఆ రోజు ఎవరికీ చెప్పొద్దు. పేరు పెట్టే రోజున నలుగురూ పిల్లని జాలిగా చూడకూడదు. తర్వాత ఎట్టాగూ తెలుస్తది."

"సరే అత్తయ్యగారూ" అన్నాను. ఏది అడిగినా సరే అనడమే నాకు అప్పుడు తేలిక. మా ఆవిడకు చెబితే అవునని గాని కాదని గాని అనలేదు.

అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్ బుక్ చేశాం. తెలిసిన కుటుంబాలన్నీ వచ్చాయి. అల్యూమినియం ట్రేల్లో పులిహోర, గారెలు, ఎవరో తెచ్చిన పాస్తా. పిల్లలు పూల్ టేబుల్ చుట్టూ పరుగులు పెడుతున్నారు. ఆంటీలు వరసగా వచ్చి పాప ముఖం ముందు చిటికెలు వేశారు, బంగారూ అని పిలిచారు. పాప ఆ ఊగే గాజుల వంక చూసి నవ్వింది. ఎంత చలాకీయో, పిలిస్తే ఎలా పలుకుతోందో చూడండి అన్నారు. నేను నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు.

పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాయమన్నారు. రాశాను. పాపను నా ఒళ్ళో పెట్టారు. పంతులుగారు పెద్దాయన, ఎవరేం చెయ్యాలో ఓపిగ్గా చెప్పే మనిషి.

"ఇప్పుడు తండ్రి పాప కుడి చెవిలో పేరు చెప్పాలి బాబూ. మూడుసార్లు. పైకి వినపడకూడదు. మొట్టమొదట పాప ఒక్కతే వినాలి."

ఫోన్లు పైకి లేచాయి. నేను వంగాను. ఇంతసేపూ అన్నీ చేసినట్టే ఇదీ చేసేయవచ్చు, పెదాలు కదిపితే చాలు, ఎవరికీ తెలియదు. అది నాకు బాగా తెలుసు. నోరు తెరిచాను. గొంతు రాలేదు. మళ్ళీ ప్రయత్నించాను. ఎంతసేపు అలా వంగి ఉండిపోయానో, పంతులుగారు నేను మరిచిపోయాననుకుని, "పేరు, చెవిలో, మెల్లగా" అని మళ్ళీ గుర్తుచేశారు.

"మా పాపకి వినపడదండి పంతులుగారూ" అంది మా ఆవిడ. హాలంతటికీ వినిపించేలా, నిదానంగా అంది. "రెండు చెవులూ వినపడవు. పుట్టినప్పట్నించీ."

అత్తగారు కళ్ళు మూసుకున్నారు. ఎత్తిన ఫోన్లు ఒకటొకటిగా కిందికి దిగాయి. మా ఆవిడ నా పక్కకు జరిగి, పాపను నా ఒళ్ళో లేపి నాకు ఎదురుగా కూర్చోబెట్టింది, మెడ కింద చెయ్యి ఆనించి.

"ముఖం చూసి చెప్పు" అంది నాతో. "గట్టిగా చెప్పు. వీళ్ళన్నా వింటారు."

అప్పుడొచ్చింది ఏడుపు. ఇన్నాళ్ళదీ ఒకేసారి వచ్చింది. నాకు సిగ్గనిపించలేదు. ముక్కు తుడుచుకుని, పాప ముఖంలోకి చూస్తూ, ఆ పేరు మూడుసార్లు గట్టిగా చెప్పాను. గొంతు పగిలింది, అయినా చెప్పాను. హాల్లో ఆ చివర పూల్ టేబుల్ దగ్గరున్న పిల్లలు కూడా ఇటు తిరిగారు. పాప మాత్రం నా పెదాలు కదిలినంతసేపూ వాటి వంకే చూసింది.